రిలీవర్ వచ్చేదాకా

"చెయ్యి తియ్యండి!"

ఆ దవాఖాన ఎలక్ట్రీషియన్ ఉపేందర్ ఉలిక్కిపడ్డాడు. స్విచ్ మీద వేలు అక్కడే ఆగిపోయింది. కంప్యూటర్ గదిలో కొత్తగా చేరిన మైత్రి, గుమ్మంలో నిలబడి కళ్లతోనే షాక్ కొట్టేలా చూస్తోంది.

"ఒక మెషిన్‌కు ఎర్ర లైటొచ్చింది మేడం. మూడింటిని బంద్ చేసి ఆన్ చేస్తే సెట్ అయితది."

"ఫ్యానైతే అవుద్దండీ. ఇది ఫ్యాన్ కాదు."

ఎలక్ట్రీషియన్‌కి అంతకన్నా అవమానం ఏముంటుంది? కానీ ఆ రోజు అతనికి రోషపడే తీరిక లేదు. ముప్పై ఏళ్లు గోదావరిఖని బాయిలో బొగ్గు కొట్టిన నాయన రాయమల్లు స్కానింగులన్నీ ఆ మెషిన్లలోనే ఉన్నాయి. నాలుగింటిలోగా అవి చూస్తేనే రేపు ఊపిరితిత్తుల ఆపరేషనని హైదరాబాద్ డాక్టరు చెప్పాడు.

"మా నాయనయి ఈ ఖరాబైన దాంట్లనే ఉన్నయా?" అతను స్విచ్ మీంచి వేలు తీసేశాడు.

మైత్రి కోపం దిగిపోయింది. "మూడింట్లోనూ ఉన్నాయండీ. ఒకటి పోయినా మిగతా రెండూ పనిచేస్తాయి. మీరు ఆ రెండూ ఆపేసుంటే, నాలుగు గంటల్లోగా మళ్లీ లేచేవో లేదో!"

పది నిమిషాల్లో స్కానింగులు హైదరాబాద్ చేరాయి. ఉపేందర్ కళ్లు తుడుచుకుని చేతులు జోడించాడు.

"అయిపోయింది గద, ఇంటికి పోరాదుండ్రి. వాన మొదలైంది."

"పాడైనదాని చోట కొత్త మెషిన్ పెట్టాను. అది కాపీలన్నీ తీసుకునేదాకా కదల్ను. ఈలోగా ఇంకోటి పోతే?"

ఉపేందర్‌కు నాయన గుర్తొచ్చాడు. బాయిలో తర్వాతి షిఫ్టు రిలీవర్ వచ్చి పని అందుకునేదాకా ఆయన కూడా జాగా వదిలేవాడు కాదు. ఉపేందర్ వానలో తడుస్తూ వెళ్లి ఆమెకు సర్వపిండి తెచ్చాడు. ఆమె కారానికి కన్నీళ్లు పెట్టుకుంటూనే మొత్తం తినేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాత రెండు నెలల్లో, ఏ రిపేరూ లేకుండానే, ఉపేందర్ ఆ గదికి ఇరవైసార్లు వెళ్లాడు. కన్నతండ్రికి తెలియకుండా ఉంటుందా? ఓ రోజు కొడుకు అక్కడుండగానే రాయమల్లే వచ్చాడు.

"బిడ్డా, నా పానం నిలబెట్టినవ్. నీ మేలు మరువ. ఒక్క మాట అడుగుత. వీళ్లవ్వ పోయినంక వీన్ని నేనొక్కన్నే చూసుకుంటున్న. గీ డ్యూటీకి రిలీవరే దొరుకుతలేరు."

"నాయినా!" ఉపేందర్‌కు గోడలో దూరిపోవాలనిపించింది.

మైత్రి బుగ్గలు కందిపోయాయి. "మా నాన్నని మీరే అడగాలి మావయ్యగారూ. నాకైతే ఇష్టమే. కానీ మీరు డ్యూటీ దిగడానికి వీల్లేదు. ముగ్గురం ఉండాల్సిందే."

రాయమల్లు పకపకా నవ్వాడు. నాయన దగ్గు రాకుండా అంతసేపు నవ్వడం చూసి ఎన్నేళ్లయిందో! ఉపేందర్ తడి కళ్లతో మైత్రి వైపు చూశాడు.