బొమ్మ రాని అడాప్టర్

"మీరు నన్ను చూస్తారా, అడాప్టర్ చూస్తారా?"

అమ్ము అలా అడిగేసరికి రత్నాకర్ చెవులు ఎర్రబడ్డాయి. ఖతార్‌లో, అల్ హిలాల్ పేటలో తౌఫీక్ భాయ్ ఎలక్ట్రానిక్స్ షాపులో అతను సేల్స్‌మన్. ఊరు కోరుట్ల దగ్గర. కౌంటర్ దగ్గర తెలుగు వినిపించడమే అరుదు. అది ఇంత అందంగా వినిపించడం మరీ అరుదు.

"అడాప్టరే చూస్తున్న మేడమ్. దేన్కి గావాలె?"

"నా లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఉంది. సినిమా వెయ్యాల్సిన హాల్లో ప్రొజెక్టరేమో పాతది. నీలం ప్లగ్గు, దాని నిండా పిన్నులు."

"వీజీఏ. గని మేడమ్, దాంట్ల బొమ్మ ఒక్కటే పోతది. సౌండ్‌కు వేరే వైర్ గావాలె."

"మాకు సౌండ్ అక్కర్లేదండీ."

"సినిమాకు సౌండ్ అక్కర్లేదా?"

"మా సినిమాకి అక్కర్లేదు." ఆమె నవ్వింది. "రేపు పొద్దున్న షమాల్‌లో, స్కూల్ హాల్లో మా పిల్లల ప్రోగ్రామ్. ఇది పనిచెయ్యకపోతే వాళ్లు ఏడుస్తారు, నేనూ ఏడుస్తాను."

మా పిల్లల! రత్నాకర్ మొహం వాడిపోయింది. చేతికందిన డబ్బా, ఒక వైరు కవర్లో వేసి ఇచ్చేశాడు. ఆమె థాంక్స్ చెప్పిందో లేదో కూడా వినలేదు.

సాయంత్రం అర సర్దుతుంటే తప్పు తెలిసింది. ఆమెకు ఇవ్వాల్సిన డబ్బా అరలోనే ఉంది. తను ఇచ్చింది దానికి సరిగ్గా రివర్సు, పాత కంప్యూటర్ బొమ్మను కొత్త టీవీకి పంపేది. వైర్లన్నీ చక్కగా దూరతాయి. బొమ్మ మాత్రం రాదు.

ఆమె ఫోన్ నంబరు తీసుకోలేదు.

మర్నాడు షాపు తెరవగానే తౌఫీక్ భాయ్‌తో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన డెలివరీ వ్యాన్ తాళాలు విసిరాడు. "తో ఖడా క్యోం హై? యల్లా!" ఇంకా నిలబడ్డావేం, పద, అని.

ఉత్తరానికి రోడ్డెక్కగానే వాన మొదలైంది. ఏడాదికోసారి కురిసే ఆ వాన ఇవాళే కురవాలా? ఎప్పుడూ వాడని వైపర్లు అద్దం మీద దుమ్మును బురద చేసి పులిమాయి. దారంతా తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

షమాల్ ఊళ్లో అడిగి స్కూల్ చేరేసరికి హాల్ నిండా జనం. గోడ మీద నీలం వెలుగులో 'నో సిగ్నల్' అని ఉంది. ప్రొజెక్టర్ మీద వంగిన పెద్దమనిషి, అమ్ము వాళ్ల నాన్న ఆనందరావు, చెమటలు తుడుచుకుంటున్నాడు. అమ్ము కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మీరా!"

"నిన్న తప్పు మాల్ ఇచ్చిన మేడమ్. ఇగో, అసలుది తెచ్చిన."

"మీకు తెలియకేం కాదుగా. మరెందుకిచ్చారు?"

"మీరు 'మా పిల్లలు' అన్నరు గద... చెయ్యి వేరే డబ్బా మీద పడ్డది."

ఆమెకు అర్థం కాలేదు. ఆనందరావు మధ్యలో దూరాడు. "ముందు అది తగిలించవయ్యా, మాటలు తర్వాత!"

గోడ మీద బొమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డున కొందరు పిల్లలు చేతులతో కథ చెబుతున్నారు. తప్పిపోయిన పడవ కథ. ఒక్క మాట లేదు. వేళ్లు అలలయ్యాయి, గాలి అయ్యాయి, ఇంటికొచ్చిన నాన్న అయ్యాయి. సౌండ్ ఎందుకు అక్కర్లేదో రత్నాకర్‌కు అప్పుడు తెలిసింది. అమ్ము వినికిడి లేని పిల్లలకు టీచరు.

సినిమా అయిపోగానే గట్టిగా చప్పట్లు కొట్టాడు, ఒక్కడే. చుట్టూ అందరూ చేతులు పైకెత్తి వేళ్లు ఆడిస్తున్నారు, వాళ్ల చప్పట్లు అవే. సిగ్గుపడి తనూ చేతులెత్తాడు. అమ్ము చూసి పకపకా నవ్వింది.

బయట వాన వెలిసింది. "నాకు ఎంతమంది పిల్లలనుకున్నారు?" అడిగింది.

"ఇద్దరనుకున్న."

"క్లాసు నిండా ఉన్నారు. నాకింకా పెళ్లే కాలేదు!"

"గీ ముచ్చట నిన్ననే చెప్తే కరెక్ట్ డబ్బా ఇస్తుంటి గద మేడమ్!"

ఆ తర్వాత రత్నాకర్ శుక్రవారం సెలవులు మారిపోయాయి. అమ్ము పెద్దవాళ్లకు సైగల భాష నేర్పే క్లాసులో చేరాడు. క్లాసయ్యాక ఆనందరావు వదిలేవాడు కాదు. ఇంటికి లాక్కెళ్లి, సొరుగులోని వైర్లన్నీ కుమ్మరించి కూర్చోబెట్టేవాడు.

"ఈ ఛార్జర్ లాప్‌టాప్‌కి పడుతుంది కానీ బ్యాటరీ ఎక్కదు. ఎందుకయ్యా?"

"అది ఫోన్‌ది అంకుల్. మూతి ఒక్కటే గని, లాప్‌టాప్‌కు ఎక్కువ వాట్లు గావాలె. ఛార్జర్ మీద సన్నగ రాసుంటది, చూసి పెట్టాలె."

"వాట్లు తర్వాత. పెసరట్టు చల్లారిపోతోంది," అని అమ్ము తల్లి సుబ్బలక్ష్మి వంటింట్లోంచి కేకేసేది.

ఒక శుక్రవారం బాల్కనీలో అమ్ము ముందు నిలబడి, వారమంతా అద్దం ముందు సాధన చేసిన మాటను రత్నాకర్ చేతులతో చెప్పాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం చెప్పారో తెలుసా? నా వల్ల మీకు జలుబు చేసిందట!"

"అయ్యో! గట్ల గాదు, నేను చెప్పాలనుకున్నది..."

"తెలుసు." అతని వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటే సరిచేసింది. "ఇప్పుడు చెప్పండి."

చెప్పాడు. నవ్వడం మరిచి అతన్నే చూసింది. తర్వాత మెల్లగా తన చేతులతో జవాబిచ్చింది. దాని అర్థం అతను అడగలేదు.

"మీవాళ్లతో మాట్లాడాలయ్యా, ఫోన్ కలుపు," అన్నాడు గుమ్మంలోంచి ఆనందరావు. ఆయన వెనక సుబ్బలక్ష్మి కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

వీడియోలో రత్నాకర్ తల్లి భూమవ్వ కనిపించింది. అంతా విని అడిగింది. "దుబాయ్‌ల పిల్లను జూసుకున్నవా కొడకా?"

"దుబాయ్ గాదమ్మా, ఖతార్."

"ఏదో ఒకటి తియ్. పిల్లది ఏ ఊరు?"

"కాకినాడ."

భూమవ్వ కళ్లు పెద్దవి చేసింది.

"కాకినాడ పిల్ల కోసం గంత దూరం పోయినవా? ఈడ బస్సెక్కితే అయిపోవు గద!"

బాల్కనీ అంతా నవ్వులే. అమ్ము ఫోన్ తీసుకుంది. "ఆ బస్సు నేనెక్కుతాను అత్తయ్యా. ఎక్కడ దిగాలో చెప్పండి."

భూమవ్వ తెరకు దగ్గరగా వచ్చి ఆమె మొహం తేరిపార చూసింది.

"మా ఊరి స్టేజ్ కాడ దిగు బిడ్డా. నేనే వచ్చి నిలబడ్త."