తొమ్మిదో సీసా

ఉదయం పది దాటి పది నిమిషాలకు ఇంధన కర్మాగారం కెమిస్టును లిఫ్టులో కాల్చేశారు. మూడు బుల్లెట్లు, మూడూ మెడలోనే. లిఫ్టు తలుపులు మాత్రం ప్రతి అంతస్తులోనూ మర్యాదగా తెరుచుకుని శవాన్ని అందరికీ చూపించాయి.

"తొమ్మిది సీసాలు పోయాయి," అన్నాడు చీఫ్. "యురేనియం ద్రావణం. అందులో ఒక్క గ్రాము యురేనియం పూర్తిగా విచ్ఛిత్తి అయితే మూడు టన్నుల బొగ్గు మండినంత వేడి. విదేశీ ముఠా. లాండ్రీ వెనక గది. లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది."

"తెలుసు సార్. మా ఆడపడుచు."

ఆ మాటన్న ఏజెంటును ఆఫీసులో అందరూ 'వదిన' అనే పిలుస్తారు.

"ప్రాణాలతో తీసుకురా."

"తేకపోతే ఇంట్లో ఆయనకి నేనే సమాధానం చెప్పుకోవాలి సార్."

అరగంటకల్లా వదిన మెకానిక్ వేషంలో లాండ్రీలో ఉంది.

"ఏ మెషీన్?" అన్నాడు కాపలావాడు.

"నురుగు ఎక్కువొచ్చేది."

కోడ్ సరిపోయింది, ముఖం నచ్చలేదు. వాడి చెయ్యి నడుముకు పోయింది. ఆమె చెయ్యి ఇస్త్రీ పెట్టెకు పోయింది. ఇస్త్రీ పెట్టె ముందు చేరింది. చెంప చుయ్యిమంది. రెండో దెబ్బకు దవడ పక్కకు జరిగింది.

చెవి కమ్మలో దాచిన డిటెక్టర్ టిక్కుటిక్కుమంటోంది. వెనక గది తలుపు తన్నేసరికి ఆ టిక్కులు పరుగందుకున్నాయి. ముఠా నాయకుడు బట్టతల, అంతా ఒకేసారి తరలించేందుకు, ఎనిమిదో సీసాను గుండ్రటి డ్రమ్ములోకి వంపేశాడు. ఎర్రటి లిప్‌స్టిక్, ఎత్తు మడమల చెప్పులతో ఆడపడుచు గరాటు పట్టుకుని ఉంది.

ఆ ద్రావణాన్ని సన్నటి పొడుగు సీసాల్లో ఉంచేది అందానికి కాదు. ఒక కేంద్రకం పగిలితే రెండు మూడు న్యూట్రాన్లు ఎగురుతాయి. సన్నటి సీసాలోనైతే చాలావరకు బయటికి పోతాయి. గుండ్రటి డ్రమ్ములో దారి దొరక్క ఇంకో కేంద్రకాన్ని పగలగొడతాయి, అది మరికొన్నింటిని. ఒక్క నీలి మెరుపు, ఆపైన గదిలోవాళ్లకు కొద్ది రోజులే. ఈ సంగతి తమకు చెప్పగలిగిన ఒక్క మనిషినీ, ఆ కెమిస్టును, నోరు మూయించాలని పొద్దున చంపి వచ్చారు మహానుభావులు.

"ఆ సీసా కింద పెట్టు. పోశావంటే అందరం చస్తాం."

"బెదిరింపు బాగుంది," అన్నాడు బట్టతల. ఎడం చేత్తో తొమ్మిదో సీసా వంచుతూనే కుడిచేత్తో కాల్చాడు.

వదిన భుజం చిట్లింది. మోకాళ్ల మీద పడింది. టిక్కులన్నీ కలిసి ఒకటే కూతయ్యాయి. వాణ్ణి కాలిస్తే సీసా గరాటులోకే ఒరుగుతుంది. తుపాకీ తీసి డ్రమ్ము అడుగున నాలుగు గుళ్లు దించింది.

పసుపుపచ్చటి ద్రావణం నేలంతా పల్చగా పరుచుకుంది. న్యూట్రాన్లు పైకీ కిందికీ తప్పించుకుపోయాయి. కూత తెగి మళ్లీ టిక్కులయింది. బట్టతల జారిపడ్డాడు. ఆడపడుచు మడమ వాడి గొంతులో దిగింది. పైకి తీయడానికి ఆమె తొందరపడలేదు.

ఇద్దరూ ఒకరినొకరు ఈడ్చుకుంటూ వీధిలో పడ్డారు.

"నా కాళ్ల పక్కనే కాల్చావని అన్నయ్యతో చెప్తా."

"గురి తప్పిందని కూడా చెప్పు," అంది వదిన.