నీడ మాత్రం ఇప్పించండి

ఆ ఉదయం గడ్డం గీసుకుంటూనే భార్గవ ముప్ఫై ఎనిమిది మందితో స్నేహం చేసేశాడు.

"నిన్న భూమి మీద మీ నీడలు ముప్ఫై ఎనిమిది మందితో మాట్లాడాయి. వింటారా?" అని గోడలోంచి గొంతు అడిగింది.

"అక్కర్లేదు. అన్నీ నా మాటలే," అన్నాడు, బ్లేడు దవడ మీద ఆపకుండా.

అంగారక సమాఖ్యకు ఆయన పన్నెండేళ్లుగా అధ్యక్షుడు. అంగారకుడి నుంచి భూమికి ఒక మాట చేరాలంటే ఆ రోజుల్లో పద్నాలుగు నిమిషాలు, జవాబు రావడానికి మరో పద్నాలుగు. "బాగున్నావా?" అని అడిగి అరగంట ఎదురు చూసే స్నేహం ఎవరికి కావాలి? అందుకే విశాల అనే శాస్త్రవేత్త 'నీడనేస్తం' కనిపెట్టింది. మనిషి గొంతు, జ్ఞాపకాలు, మాటతీరు అన్నీ పోసి తయారు చేసిన నకలు అది. అధ్యక్షుడి నీడలు భూమి మీద పేరున్నవాళ్ల ఇళ్లలో ఉంటాయి. వాళ్ల నీడలు ఇక్కడ అధ్యక్ష భవనంలో ఉంటాయి. ఎవరి నీడ ఏం మాట్లాడినా, మర్నాడు అసలు మనిషి విని "ఇది నా మాటే" అనాలి. "కాదు" అంటే ఆ నీడను చెరిపేస్తారు. దానికి ఒప్పుదల అని పేరు.

విని ఒప్పుకోవాలని చట్టం. వినకుండా ఒప్పుకోవడం అలవాటు. ఇంత పెద్ద ఉద్యోగం వెలగబెడుతూ రోజూ అన్ని కబుర్లు కూర్చుని వినేంత తీరిక ఎవరికుంటుంది లెండి!

ఇంకో నాలుగు రోజుల్లో భార్గవ పదవి దిగిపోతున్నాడు. నీడలు పదవికి ఇచ్చినవి, మనిషికి కాదు. అసలు మనుషులు తమ నోటితో ఒప్పుకుంటే తప్ప రెండువైపులా చెరిపేస్తారు. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఆ తర్వాత గుమ్మటం నగరంలో రెండు గదుల ఇంట్లో ఎవరితో మాట్లాడతాడు? అందుకని తన మిత్రులందరికీ తనే స్వయంగా కబురు పెట్టాడు: "మీ నీడను నాతో ఉండనివ్వండి."

సినిమా తారలూ, గాయకులూ, క్రికెట్ కెప్టెన్లూ కలిపి ముప్ఫై ఏడుగురి జవాబులు వచ్చేశాయి. అన్నీ కార్యదర్శులు రాసినవే. అన్నిట్లోనూ శుభాకాంక్షలున్నాయి, ఒక్కదాంట్లోనూ ఒప్పుదల లేదు. భార్గవకు కోపం కూడా రాలేదు. కోపానికి కావలసిన ఓపిక ఎప్పుడో అయిపోయింది.

టిఫిన్ వేళకి విశాల వచ్చింది.

"సార్, ముప్ఫై ఎనిమిదోది వచ్చింది. దస్తగిరి గారు. సొంత గొంతుతో పంపారు."

దస్తగిరి కర్నూలు హాస్యనటుడు. తెర మీద కనిపిస్తే చాలు జనం పడీపడీ నవ్వుతారు. పదేళ్ల కిందట భూమికి వెళ్లినప్పుడు భార్గవ ఆయనతో ఒకే ఒక్క వేదిక ఎక్కాడు, ఫొటో దిగాడు. అంతే పరిచయం.

"ఆయన ఒప్పుకున్నారా?" భార్గవ కుర్చీలోంచి సగం లేచాడు. ఒక్కడైనా మిగిలాడన్న సంతోషం.

విశాల నేల చూపులు చూసింది. "మీరే వినండి."

"అధ్యక్షుల వారికి నమస్కారం సార్," అంది దస్తగిరి గొంతు. "నా నీడ సంగతి మీ ఇష్టం. నాది వేరే మనవి. నా ఇంట్లో మీ నీడ ఉండాది గదా, దాన్ని తుడిపేస్తారంట. అది లేకుంటే నేను బతకలేను సార్. దయచేసి ఆ నీడ మాత్రం ఇప్పించండి."

భార్గవ మళ్లీ కూర్చున్నాడు.

"ఇవ్వాలంటే కనీసం ఒక సంభాషణైనా మీరు పూర్తిగా వినాలి," అంది విశాల. "ఈసారి తప్పించుకోవడానికి లేదు సార్."

ఆమె మూడేళ్ల కిందటిది పెట్టింది. దస్తగిరి భార్య ఖాసీంబీ పోయి, మూడో నాటి జియారత్ ప్రార్థనలు అయ్యాక బంధువులంతా వెళ్లిపోయిన మధ్యాహ్నం అది.

"అందురూ పోయినారు అబ్బా," అంటున్నాడు దస్తగిరి. "నన్ను జూస్తే వాళ్లకు నవ్వొస్తాది. ఏడ్చినా నవ్వొస్తాది. ఏం జేతు?"

"నాకు రావట్లేదన్నా," అంది నీడ, భార్గవ గొంతుతో. "నువ్వు ఏడు. నేనెక్కడికీ పోను. వదిన చివరిసారి ఏం వండింది?"

"ఉగ్గాని. ఉప్పెక్కువైందని అరిస్తిని."

"మా ఆవిడతో నేనూ అలాగే అరిచాను. ఆ తర్వాత ఆమె ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు."

భార్గవ ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. సంభాషణ మూడు గంటలు సాగింది. నీడ సలహాలివ్వలేదు, తత్వం చెప్పలేదు. ఎక్కువసేపు ఊరికే విన్నది, అంతే. భార్గవ కూడా మూడు గంటలూ కదలకుండా విన్నాడు.

"ఇంత మంచితనం దీనికెక్కడిది?" అన్నాడు చివరికి. "నువ్వు కలిపావా?"

"నేనేమీ కలపలేదు సార్. మొదటి ఏడాది మీరు ఎలా ఉండేవారో అలాగే చేశాను. ఆ తర్వాత మీ జ్ఞాపకాలైతే చేర్చాను గానీ, గుణం మార్చలేదు. మీరు మారారు."

భార్గవకు ఒళ్లు మండింది. తన గొంతు, తన దుఃఖం వాడుకుని ఎవరో తన బతుకు తనకంటే బాగా బతికేస్తున్నారు. తనను అడిగే దిక్కులేదు, దానికోసం మాత్రం ఒకడు చేతులు జోడిస్తున్నాడు. 'కాదు' అని ఒక్క మాట అంటే దాని పని అయిపోతుంది. అది నిజం కూడా. ఆ మాటలు ఆయన అనలేదు.

నోటిదాకా వచ్చింది. కానీ ఏడ్చినా జనం నవ్వే ఆ ముసలాయన మొహం గుర్తొచ్చి ఆగాడు.

"నా మాటే," అన్నాడు. "ఉండనివ్వు. ఆయన పోయేదాకా ఉండనివ్వు."

విశాల ఆజ్ఞ పంపింది. భార్గవ కాస్త తటపటాయించి, దాని వెనకే తన గొంతుతో రెండు ముక్కలు పంపాడు: "దస్తగిరన్నా, నేను అసలు భార్గవను. నీతో ఒకసారి మాట్లాడాలని ఉంది."

ఇరవై ఎనిమిది నిమిషాలు గడిచాయి. తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

"శానా సంతోషం సార్," అని వచ్చింది జవాబు. "మీ మేలు మరిచిపోను. మీరు పెద్దోళ్లు, నాతో మాట్లాడే శ్రమ మీకెందుకు సార్? ఉంటా."

మైకు ఆపడం మరిచిపోయాడు కాబోలు, ఆ వెనక నీడతో అన్న మాటలు కూడా వచ్చేశాయి.

"ఒరే భార్గవా, పెద్దాయన ఒప్పుకున్యాడు లేరా. పాపం, గొంతు శానా అలిసిపోయినట్టుండాది. ఆయప్పకు ఎవురన్నా ఉండారా?"

"లేరన్నా," అంది నీడ. "నాకు తెలుసు. రోజూ ఒకసారి మనమే పలకరిద్దాం."

విశాల మొహం తిప్పుకుంది. భార్గవకు సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే ముందు, తన గురించి ఎవరో అడిగారన్న సంతోషం వేసింది.