ఆర్పకూడని మంట

"ఇస్త్రీ అయిందా?"

"అయింది. కాలర్ మీద మడతే పోలేదు."

కోడ్ సరిపోయింది. లాండ్రీ షాపు వెనక తలుపు తెరుచుకుంది. వేలాడుతున్న కోట్లని తోసుకుంటూ మిరియం లోపలికి నడిచాడు. అది అసలు పేరు కాదు. మనిషి పొట్టి, నలుపు, చూడ్డానికి నలుగురిలో ఒకడు. ఘాటు మాత్రం తగిలినవాడికే తెలుస్తుంది. అందుకని డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు పెట్టారు.

ఇస్త్రీ బల్ల వెనక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పాతికమంది ఏజెంట్లకి బాస్. చొక్కా మాత్రం ఎప్పుడూ నలిగే ఉంటుంది.

"కూర్చో."

"పర్లేదు సార్."

"నీకు కూర్చోవడం వచ్చేదెప్పుడులే." పెద్దాయన ఒక ఫొటో ముందుకు తోశాడు. పెద్ద హోటల్. "రెండు దేశాల మంత్రులు ఇక్కడ ఒప్పందం మీద సంతకాలు పెడతారు. ఆ ఒప్పందం ఇష్టంలేని విదేశీ ముఠా ఒకటి బయల్దేరింది. ఆయుధం బాంబు కాదు. గ్యాస్. హోటల్ వెనక పెరట్లో వంటగది గ్యాస్ ట్యాంకు ఉంది. అది నింపడానికి ట్యాంకర్ వస్తుంది. మిగతాది తెలీదు."

"చెప్పిందెవరు?"

"సంపెంగ."

మిరియం అటూ ఇటూ నడవడం ఆపాడు. సంపెంగ ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే మనిషి. అందగత్తె. ఒకసారి తగలబడుతున్న కారులోంచి అతన్ని బయటికి లాగింది కూడా. ఆ చెయ్యి పట్టు అతనికి ఇంకా గుర్తుంది.

"గ్యాస్ సంగతి ఆవిడకి కొట్టిన పిండి," అన్నాడు పెద్దాయన. "ముఠాలో కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చిందే ఆవిడ. సరే, ఆ రోజు హోటల్ దగ్గర ఫైరింజన్ డ్యూటీలో ఉంటుంది. నువ్వు ఫైర్‌మన్‌వి. మీ బావే కదా స్టేషన్ ఆఫీసర్?"

"సార్, వద్దు."

"పనీపాటా లేని బామ్మర్దికి బావ ఉద్యోగం వేయించాడంటే ఎవడైనా అనుమానిస్తాడా? అందరూ ఇట్టే నమ్ముతారు."

నమ్మారు. అందరికంటే ముందు అక్క నమ్మింది. తమ్ముడు ఊళ్ళు పట్టుకు తిరిగి వాటర్ ఫిల్టర్లు అమ్ముతాడని ఆవిడ నమ్మకం. "ఇదైనా నిలబెట్టుకోరా," అంది యూనిఫాం గుండీలు సరిచేస్తూ. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మీ బావ నిప్పు చూస్తే ముందుకే పోతాడు గాని వెనక్కి రాడు. కాస్త కనిపెట్టుకుని ఉండు. ఆయనకేమన్నా అయితే నేను బతకలేనురా."

దేశం సంగతి పెద్దాయన చెప్పాడు. బావ సంగతి అక్క చెప్పింది. మిరియానికి నిద్ర పట్టనిది మాత్రం రెండో మాటకే.

మొదటి డ్రిల్‌లోనే పరువు పోయింది. స్టేషన్ వెనక ఖాళీ స్థలంలో ఒక పైపు బిగించి, గ్యాస్ వదిలి, బావ దానికి నిప్పంటించాడు. మంట బుస్సుమని లేచింది. మిరియం ఊరుకుంటాడా? మంటలార్పే పౌడర్ డబ్బా అందుకుని ఒక్క ఊపులో ఆర్పేశాడు. వెనక్కి తిరిగి మెచ్చుకుంటారేమోనని చూశాడు కూడా.

"పరిగెత్తండ్రా!" అని అరిచాడు బావ. అందరూ గాలి వచ్చే వైపుకి పరిగెత్తారు. బావ దూరంగా ఉన్న మెయిన్ వాల్వ్ కట్టి వచ్చి, బామ్మర్ది హెల్మెట్ మీద ఒక్కటిచ్చాడు.

"ఎవడార్పమన్నాడ్రా నిన్ను?"

"ఫైర్‌మన్ అంటే ఆర్పడం కాదా బావా?"

"ఇక్కడ సార్ అను. ఇదిగో, చెవులు పెట్టి విను. మంట ఉన్నంతసేపు గ్యాస్ ఎక్కడుందో కళ్ళకి కనబడుతుంది. ఆర్పేశావనుకో, పల్లం వెతుక్కుంటూ నేల మీద పాక్కుంటూ పోతుంది. ఏ మూల నిప్పురవ్వ దొరికితే ఆ మూల నించి తిరిగొచ్చి మనందర్నీ పట్టుకుపోతుంది. ముందు ట్యాంకుని తడిపి చల్లగా ఉంచు. తర్వాత నీళ్ళ చాటున వెళ్ళి వాల్వ్ కట్టు. వాల్వ్ కడితే మంట దానంతటదే చస్తుంది. ఇంకో సంగతి. ఎప్పుడూ గాలి నీ వీపుకి తగలాలి. గాలికి ఎదురు నడిచేవాడు మా స్టేషన్ వాడు కాదు."

పంపు దగ్గర నిలబడే డ్రైవర్ నత్త పకపకా నవ్వాడు. ఫైరింజన్‌ని అంత నిమ్మళంగా నడుపుతాడు గనక ఆ పేరు.

సంతకాల రోజు. హోటల్ పెరడు. ఒక పక్క వంటగది గోడ, దాని వారగా గ్యాస్ ట్యాంకర్. పెరడు వాలుగా దిగి సెల్లార్‌లోకి పోయే దారిలో కలుస్తుంది. ఆ సెల్లార్‌లోనే మంత్రుల కార్లు. మిరియం ఒకచోట నిలబడలేకపోతున్నాడు. హోస్ చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"ఏరా, కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి?" అన్నాడు బావ.

హెల్మెట్‌లో బొత్తాం అంత ఇయర్‌ఫోన్ ఉంది. అందులో సంపెంగ గొంతు. హోటల్లో ఆవిడ ఈవెంట్ మేనేజర్ వేషంలో ఉంది.

"మిరియం. అంతా మామూలే. కదలకు."

ఆ మాట పూర్తయిందో లేదో, ట్యాంకర్ పైపు జాయింట్ దగ్గర ఠప్పుమంది. తెల్లటి పొగలా గ్యాస్ ఎగజిమ్మింది. అదే క్షణంలో వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోటారు చిటపటలాడింది. భగ్గుమని మంట! జాయింట్ నించి మనిషెత్తు నాలుక ట్యాంకర్ పొట్టని నాకుతోంది.

"నత్తా, నీళ్ళు! ట్యాంకు పైభాగం తడపండి. హాలు ఖాళీ చేయించండి!" బావ అరుస్తూనే వాల్వ్ వైపు కదిలాడు. మిరియం హోస్ పట్టుకుని అతని వెనకాలే.

ఇయర్‌ఫోన్ గోలపెట్టింది. "మిరియం! మంట ఆర్పు! వెంటనే! ట్యాంకర్ పేలబోతోంది, ముందు పోయేది మీ బావే!"

పక్కనే పౌడర్ డబ్బా ఉంది. చెయ్యి దాని మీద పడింది కూడా. అక్క మొహం కళ్ళ ముందు మెదిలింది. ఒక్క ఊపు చాలు, మంట పోతుంది, బావ బతుకుతాడు.

హెల్మెట్ మీద పడ్డ దెబ్బ గుర్తొచ్చింది. చెయ్యి ఆగింది.

ఆర్పితే గ్యాస్ పల్లానికి పోతుంది. పల్లంలో సెల్లార్. హాలు ఖాళీ చెయ్యమంటే మంత్రులు పరిగెత్తేదెక్కడికి? కార్ల దగ్గరికి. ఒక్క కారు స్టార్టయితే చాలు. మంట అంటుకోవడం ముఠా ప్లాన్‌లో లేదు. ఫ్యాన్ మోటారు వాళ్ళ కొంప ముంచింది. ఇప్పుడు వాళ్ళకి కావలసింది మంటని ఆర్పిపెట్టే ఒక తెలివితక్కువవాడు. కుర్రాళ్ళకి పాఠం చెప్పిన మనిషికి ఇది తెలియదా?

"సంపెంగా, సెల్లార్‌లో ఎవరున్నారు?"

ఇయర్‌ఫోన్ క్లిక్‌మని కట్టయింది. ఆ చప్పుడు అతనికి నిజంగానే నొప్పి పుట్టించింది. తనని కారులోంచి లాగింది ఈ రోజు కోసమేనన్నమాట.

"ఎవర్రా అది?" అన్నాడు బావ.

సెల్లార్ దారి నించి ఫైర్‌కోటు, హెల్మెట్ వేసుకున్న ఆకారం ఒకటి వస్తోంది. చేతిలో పౌడర్ డబ్బా. గాలికి ఎదురుగా నడుస్తోంది.

"మనవాడు కాదు!" ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆలస్యమైపోయింది. తెల్లటి పౌడర్ బుస్సుమంది, మంట టక్కున ఆరింది. తెల్లటి పొర ఒకటి నేలకి ఆనుకుని సెల్లార్ వైపు పాకసాగింది. హెల్మెట్ కింద మొహం సంపెంగది. డబ్బా పారేసి గేటు వైపు పరుగందుకుంది.

పట్టుకోవాలని కాళ్ళు లాగాయి. మిరియం కదల్లేదు. నాజిల్ తిప్పి నీళ్ళని గొడుగులా విప్పి, పాకుతున్న పొరకీ సెల్లార్‌కీ మధ్య నిలబడ్డాడు.

"బావా, వాల్వ్! ఇటు నేను ఆపుతా!"

"సార్ అనరా!" అంటూనే బావ జాయింట్ మీదికి వంగాడు.

మిరియం భుజం మీది వైర్‌లెస్ నొక్కాడు. "సెల్లార్‌లో కార్లు స్టార్ట్ చెయ్యకండి! ఎవ్వరూ!"

"ఎవరయ్యా నువ్వు?" అంది కింద సెక్యూరిటీవాడి గొంతు. "మంత్రిగారు కారెక్కేశారు. ఆర్డర్లు మాకు పైనించి రావాలి."

"పైకే పోతారయ్యా అందరూ!"

పొర తోసుకొస్తోంది. నీళ్ళు దాన్ని చీల్చి గాల్లో కలిపేస్తున్నాయి, అయినా అంచు ఒకటి అతని బూట్ల పక్కనించి జారబోతోంది. మిరియం వెనక్కి జరిగి దానికి అడ్డం పడ్డాడు. వాల్వ్ బిగుసుకుపోయింది. బావ రెండు చేతులతో, ఆ పైన ఒంటి బరువంతా వేసి తిప్పాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. బుస తగ్గింది, సన్నబడింది, ఆగిపోయింది. ఆఖరి తెల్లటి తునకని మిరియం నీళ్ళతో గోడకేసి కొట్టాడు.

కింద సెల్లార్‌లో కీ తిరిగింది.

ఇంజన్ స్టార్టయింది. అంతే. మంత్రిగారి డ్రైవరు తీరిగ్గా హారన్ కొట్టి, దారికి అడ్డంగా నీళ్ళెవరు పోశారని విసుక్కున్నాడు.

గేటు దగ్గర సంపెంగ నేల మీద తడిసి ముద్దయి ఉంది. పారిపోతుంటే నత్త ఆవిడ మీదికి హోస్ తిప్పి పడగొట్టాడు. ఆ ఒక్క పనిలో మాత్రం నిదానించలేదు.

"నువ్వు ఆర్పుతావనుకున్నాను," అంది సంపెంగ, మిరియం ఆవిడ చేతులకి బేడీలు వేస్తుంటే. "నీకు నిలబడ్డం రాదు కదా."

"నేర్పినవాడు గట్టివాడు," అన్నాడతను.

బావ ఆ బేడీలని చూశాడు. వాటర్ ఫిల్టర్లు అమ్మేవాడి జేబులో బేడీలెందుకుంటాయో చాలాసేపు ఆలోచించాడు. బామ్మర్ది హెల్మెట్ మీద మళ్ళీ ఒక్కటిచ్చి, చెయ్యి అక్కడే కాసేపు ఉంచాడు.

మిషన్ అయిపోయింది గనక ఉద్యోగమూ అయిపోయింది. ఆ సంగతి భోజనాల దగ్గర బయటపడింది. అక్క గరిటె బల్ల మీద పడేసింది.

"ఇదీ మానేశావా! నీ మొహానికి ఫైర్ స్టేషన్‌లో చేరి ఒక్క మంటైనా ఆర్పావట్రా?"

మిరియం బావ వైపు చూశాడు. బావ కంచంలోంచి తలెత్తలేదు.

"లేదక్కా. బావే ఆర్పనివ్వలేదు."