మానిటర్‌లో గుంట

“లీకవుతోందండీ!” అని మా అమ్మాయి ఆశాజ్యోతి తన గదిలో ఎవరితోనో ఫోన్లో అరవగానే నేను పరుగున వెళ్లి గ్యాస్ సిలిండర్ కట్టేశాను. కిటికీలన్నీ బార్లా తెరిచి, ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకుని, “బయటికి రావే!” అన్నాను.

“గ్యాస్ కాదమ్మా, లైటు. మానిటర్లో లైటు లీకవుతోంది.”

లైటు కారడం నేనెక్కడా వినలేదు. కరెంటే కారుతోందేమోనని మెయిన్ ఆపేశాను. ఆశ తల కొట్టుకుని మళ్లీ వేసింది.

కాసేపటికి ఆ మానిటర్ అమ్మిన కుర్రాడు వానలో తడుస్తూ బండి మీద వచ్చాడు. పేరు నరేష్. ఊరు ఆనందపురం, పని ద్వారకా నగర్ షాపులో. మా ఆశ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. కిందటి వారమే అతని దగ్గర సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనుక్కుంది.

“నాను మీ ఎదురుగానే బోర్డు మార్చి, మూత బిగించి ఇచ్చినాను కదండీ. ఏటి సేసినారు దాన్ని?”

“నేనేం చేస్తాను? నల్లటి సీను పెడితే మూలల్లో తెల్లగా మెరుస్తోంది. పెళ్లికూతురి జడ నెరిసినట్టుంది!”

“అది లీకు కాదు, గ్లో అయ్యుంటాదండి, తెరకుండే మెరుపే. పక్కకి జరిగి సూత్తే మారిపోద్ది.”

“గోడ తగిలేదాకా జరిగాను. మారలేదు.”

“అయితే లీకే. గది సీకటి సేసి సూడాల.”

చీకటి! వయసులో ఉన్న పిల్ల, ముక్కూ మొహం తెలియని కుర్రాడు, చీకటి గది.

అసలే వచ్చిన సంబంధాలన్నీ నేనే తిప్పి పంపాను. ఒకతనిది ఓడల మీద ఉద్యోగం, మునిగితే? ఇంకొకతనిది స్టీల్ ప్లాంట్లో కొలిమి దగ్గర, కాలితే? “నీకు భయం వెయ్యని మనిషి ఈ భూమ్మీద పుట్టాడా అమ్మా? నాకు పెళ్లి చేసే ఉద్దేశం ఉందా?” అని ఆశ ఏడ్చింది కూడా.

“లైటు వేసుకుని చూడకూడదా బాబూ?”

“లైట్లో లైటు ఏటి కనబడతాదమ్మా?”

సరేనని, ఇద్దరి మధ్యా స్టూలు వేసుకుని, ఒక చెయ్యి స్విచ్ మీదే ఉంచి కూర్చున్నాను. అతను కిటికీలకి దుప్పట్లు కట్టి, నల్లటి బొమ్మ పెట్టాడు. నిజమే. తలుపు సందులోంచి ఎండ పడ్డట్టు కింది మూలలు తెల్లగా ఉన్నాయి.

“ఎనకాల లైటు ఎప్పుడూ వెలుగుతానే ఉంటాదమ్మా. ముందున్న తెర దాన్ని అడ్డుకుంటేనే నలుపు. ఫ్రేము వంకరైనా, మోసినప్పుడు నొక్కుడు పడినా, స్క్రూలు మరీ బిగించీసినా అంచుల్లోంచి వచ్చేత్తాది.”

“మరి దీనికేమైంది?” అంది ఆశ.

అతను వెనక స్క్రూలు తడిమి చూశాడు. మొహం మారిపోయింది. “ఓ ఫోన్ సేసొత్తాను” అని వరండాలోకి వెళ్లాడు.

నాకు అనుమానమొచ్చి తలుపు వెనక నిలబడ్డాను.

“బావా, తప్పు నాదేరా. ఆ గుంటనే సూత్తా స్క్రూలు తిప్పతానే ఉండిపోనాను. మంచి గుంట బావా. నాకు నచ్చీసింది.”

నేను రొప్పుతూ లోపలికొచ్చాను.

“ఆశా, మోసం! మానిటర్లో గుంట ఉందటే! చూస్తూనే స్క్రూలు తిప్పేశాడట. పైగా మంచి గుంటట, అతనికి నచ్చిందట!”

ఆశ ముందు తెల్లబోయింది. తర్వాత చెవుల దాకా ఎర్రబడింది.

“అమ్మా, ఇక్కడ గుంటంటే గొయ్యి కాదు. ఆడపిల్ల.”

మావారికి పోర్టులో ఉద్యోగమై మేం అమలాపురం నుంచి ఇక్కడికి వచ్చి ఏడాదిన్నరే. ఆశ దువ్వాడ కాలేజీలో ఈ మాటలన్నీ నేర్చుకుంది. నాకెలా తెలుస్తుంది?

నరేష్ వచ్చి, తలెత్తకుండా ఒక్కో స్క్రూ వదులు చేశాడు. మెత్తటి గుడ్డతో అంచులు నిమిరాడు.

“అయితే నరేష్ గారూ, మంచి గుంటేనా?” అంది ఆశ.

స్క్రూడ్రైవర్ కింద పడింది.

“మీరు... ఇన్నారా?”

“మా అమ్మ విన్నది.”

అతను నా వైపు తిరిగాడు. “తప్పుగా అనుకోకండమ్మా. మా అమ్మని తీసుకొచ్చి, పద్ధతిగా అడుగుదామనుకున్నాను.”

“ముందు ఆ లీకు పోయిందా?” అన్నాను.

“శానా తగ్గింది. ఓ మూల కొంచెం ఉంటాది. పూర్తిగా పోయిందని అబద్ధం సెప్పలేను.”

“ఆ కొంచెం నాకు పర్వాలేదమ్మా,” అంది ఆశ. చూపు మానిటర్ మీద లేదు. నా మీద ఉంది, బతిమాలుతూ.

బండి, హైవే, వాన, లారీలు అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు తిరిగాయి. గొంతు దాకా వచ్చిన ‘వద్దు’ని మింగేశాను.

“మీ అమ్మగారిని ఆదివారం తీసుకురా బాబూ. బస్సులో తీసుకురా, బండి మీద కాదు.”

అతను నవ్వుతూ గుమ్మం దిగాడు. నా వల్ల కాక వెనకే వెళ్లాను.

“రోడ్డంతా తడి. ఇంటికి చేరాక ఫోన్ చెయ్యి.”

“ఏ నంబరుకి సెయ్యాలమ్మా?”

నా నంబరు చెప్పబోయి ఆగాను. తలుపు పక్కన ఆశ తన ఫోన్ రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

“దానికే చెయ్యి,” అన్నాను.