టీచరమ్మ అప్పజెప్పిన మూడో మాట

కామారెడ్డిలో ఆ సాయంత్రం వాన పడీపడనట్టు పడుతోంది. బావ జాన్ ఇంటి వరండాలో గోడకు ఆనుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అనిల ఇంగ్లిష్ మాటలు నేర్చుకుంటోంది. పక్కనే తల్లి మరియ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. లింగంపేట నుంచి అల్లుడి ఇంటికి వచ్చినా ఆమె చేతులకు సెలవు లేదు. పొగాకు వాసన, తడి సిమెంటు వాసన కలగలిసి వస్తున్నాయి.

ఫోను చనిపోయిన అక్క ఎస్తేర్‌ది. "దుకాణంల లోపలున్నదంతా తుడిపిచ్చిన అనిలా. ఇప్పుడిది కొత్తదే," అంటూ జాన్ బావే చేతిలో పెట్టాడు. ఎల్లారెడ్డిలో డిగ్రీ చదివే అనిలకు ఇంగ్లిష్ అంటే చెమటలు పడతాయి. ట్యూషన్‌కు వెళ్లి నలుగురిలో నవ్వులపాలు కావడం కంటే ఫోనులోని ఏఐ నయమనుకుంది. దానికి టీచరమ్మ అని పేరు కూడా పెట్టుకుంది. టీచరమ్మ పద్ధతి ఒక్కటే. కొత్త మాట చెబుతుంది, ఆ మాటతో నీ బతుకులోంచి ఒక వాక్యం చెప్పమంటుంది. మర్నాడు నువ్వు చెప్పిన ఆ వాక్యాన్నే నీకు అప్పజెబుతుంది. అట్లా నేర్చిన మాట ఇక మరిచిపోరట.

పోయిన ఏడు ఎస్తేర్ ఈ ఇంటి వాకిట్లోని నీళ్ల సంపులోనే పడి చనిపోయింది. కాలు జారిందన్నారు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది జానే. అంత ప్రేమగల మనిషిని వదులుకోవద్దని పెద్దలు చెల్లెలిని అతనికే ఇమ్మన్నారు. ఆదివారం ఇక్కడే ప్రార్థన అయ్యాక పెళ్లి ప్రధానం. చదివిస్తానన్న బావను కాదనడానికి అనిలకూ కారణమేదీ కనబడలేదు.

"నిన్నటి మాటలు చూద్దామా?" అంది టీచరమ్మ, ఎప్పటిలాగే పుస్తకం చదివినట్టు. "మొదటి మాట, లాక్. మీరు చెప్పిన వాక్యం..."

ఆగింది. తర్వాత వచ్చిన గొంతు టీచరమ్మది కాదు.

"బయటికి పోయినప్పుడల్ల నన్ను లోపలేసి లాక్ పెడుతడు."

అనిల ఉలిక్కిపడింది. నిన్న ఆమె చెప్పింది తమ కోళ్లగూడు సంగతి.

"ఇది నేను చెప్పలే..." అంది గుసగుసగా.

"మీరు చెప్పినదే. రెండో మాట, ట్రస్ట్."

"అవ్వను ట్రస్ట్ చేసిన. కొడుతున్నడని ఫోన్ల ఏడ్చిన. చెల్లెకు చెప్పకు, ఓర్చుకో అన్నది."

అక్క గొంతు... మాట చివర కాస్త సాగదీసే అక్క గొంతే. అనిల ఇయర్‌ఫోన్లు పీకేసింది. వైరు ఊడి ఫోను నేల మీద పడింది.

తల్లివైపు తిరిగింది. "అవ్వా... అక్క నీకు ఫోన్ చేసి ఏడ్చిందా?"

మరియ చేతిలో దారం ఆగింది. ఎప్పుడని అడగలేదు. ఎందుకని అడగలేదు.

"ఎవలు చెప్పిండ్రు నీకు?" అంది.

కన్నతల్లి. అన్నీ తెలిసే శవం పక్కన కూర్చుని, కాలు జారిందని ఊరందరికీ చెప్పిన తల్లి. అన్నీ తెలిసే ఇప్పుడు తననూ ఇదే గడప తొక్కించింది. ఇంతకాలం ఆ ఒళ్లోనే తల పెట్టుకుని అక్క కోసం ఏడ్చినందుకు అనిలకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తెలిసి నన్నెట్ల ఇస్తున్నవ్ అవ్వా?"

"మెల్లగ మాట్లాడు... కోపమొస్తే గట్ల చేస్తడు గని, మంచోడే బిడ్డా. సర్కారు నౌకరి. నిన్ను చదివిస్తనన్నడు గదా."

గేటు దగ్గర బండి ఆగింది. మిర్చిబజ్జీల పొట్లంతో జాన్ లోపలికి వచ్చాడు. తడిసిన తల తుడుచుకుంటూ నవ్వాడు. అనిల లేచింది. పోవాలి... ఎటైనా పోవాలి. రెండడుగులు వేసిందో లేదో తల్లి చెయ్యి పట్టుకుంది.

"జాన్ బిడ్డా... దీనికి తెలిసింది. నువ్వే జర సముదాయించు."

జాన్ ముఖంలో నవ్వు అట్లాగే ఉంది. పొట్లం మెట్టు మీద పెట్టాడు. వెనక్కి నడిచి గేటుకు గొళ్లెం వేశాడు.

"ఏం తెలిసింది అత్తమ్మా?" అన్నాడు మెల్లగా.

వాన నిలిచిపోయింది. వాకిట్లో సంపు ఇనుప మూత కిర్రుమంది. దాని దగ్గర ఎవరూ లేరు... నిలవనీళ్ల వాసన గుప్పుమని వరండాలోకి వచ్చింది.

నేల మీది ఫోను తనంతట తానే వెలిగింది.

"మూడో మాట, హెవీ. మీరు చెప్పిన వాక్యం..."

నిన్న నేర్చుకున్నది రెండే మాటలు. మూడోది లేదు.

"మూత హెవీగున్నది... లోపల్నించి లేస్తలేదు... అవ్వా... అవ్వా..."

మరియ చేట కింద పడేసి చెవులు మూసుకుంది. జాన్ కూడా ఉన్నచోటే ఆగిపోయాడు.

ఈసారి ఆ గొంతు అక్కది కాదు. ఆ వాక్యం ఇంకా చెప్పనే చెప్పని అనిలది.