మస్కట్ సముద్రం చప్పుడు

రామచందర్ పొద్దున లేవగానే చేసే మొదటి పని చద్దరు మడత పెట్టడం. ముఖం కడుక్కోవడం, చాయ్ తాగడం అన్నీ ఆ తర్వాతే. నాలుగు మూలలూ కలిపి, అంచు మీద అంచు వేసి, అరచేత్తో ఒక్కసారి ఒత్తాడంటే ఇస్త్రీ పెట్టె సిగ్గుపడాల్సిందే. పెళ్లయి ముప్ఫై ఎనిమిదేళ్లయినా ఆ పని భార్య అహల్య చేతికి ఇవ్వలేదు. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషికి చద్దర్ల దగ్గర ఇంత శ్రద్ధ ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. మగవాళ్లకు ఏదో ఒక పిచ్చి ఉండనే ఉంటుంది, పేకాట కన్నా ఇది నయం కదా అని అహల్య ఏనాడో సరిపెట్టుకుంది.

ఆ బుధవారం పొద్దున చద్దరు ఇంకా చేతిలో ఉండగానే కూతురు అక్షిత బ్యాగు సర్దుకుంటూ కేకేసింది.

"డాడీ, పదకొండు గంటలకు పాస్‌పోర్టు ఆఫీసుల నీ అపాయింట్‌మెంట్. పాతది, ఆధార్, కరెంటు బిల్లు అన్నీ ఫైల్ల పెట్టిన. జర టైముకు పో."

"గిప్పుడే ఏం తొందర? డిసెంబర్‌కు ఇంకా నాలుగు నెలలున్నయి."

"ఇప్పటికే రెండుసార్లు డేట్ మార్చిన. మమ్మీ పాస్‌పోర్టు వచ్చి నెలైంది. నీదొక్కటే లటకాయించినవ్."

అబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్ లోపల, రెండో అంతస్తులో వాళ్ల కిరాయి ఇల్లు. అక్షిత బషీర్‌బాగ్‌లో ఒక బ్యాంకులో పని చేస్తుంది. డిసెంబర్‌లో తల్లికి అరవై నిండుతాయి, ఎక్కడికి పోదాం మమ్మీ అని అడిగితే అహల్య తడుముకోకుండా "మస్కట్" అంది. అక్షిత ఫోనులో గోవా చూపించింది, వైజాగ్ చూపించింది.

"ఇసుక కావాలంటే రాజస్థాన్ పోదాం, సముద్రం కావాలంటే వైజాగ్ పోదాం. రెండూ ఒక్కకాడనే కావాలంటే ఎట్ల మమ్మీ?"

"గాడ రెండూ పక్కపక్కనే ఉంటయట. మీ డాడీయే చెప్పిండు. నేను పోతే గా సముద్రానికే పోత, లేకుంటే ఇంట్లనే ఉంట."

ఆ పట్టుదలకు కారణముంది. అక్షిత పుట్టక ముందే రామచందర్ స్టోర్‌కీపర్ ఉద్యోగం మీద మస్కట్ వెళ్లి ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు. ఫోన్ చేస్తే జేబుకు చిల్లు పడే రోజులవి. అందుకని మాటలన్నీ క్యాసెట్‌లో నింపి, సెలవు మీద వచ్చే వాళ్ల చేతికిచ్చి పంపేవాడు. వాటిలో ఒక క్యాసెట్ అహల్యకు ప్రాణం. అందులో ఆయన గొంతు వెనకాల హోరుమని చప్పుడు వస్తుంటుంది. "అహల్యా, నేనిప్పుడు సముద్రం ఒడ్డుకు కూసోని మాట్లాడుతున్న. ఇనవడ్తున్నదా? వచ్చే ఏడు నిన్ను గూడ పిలిపించుకుంట" అంటాడు. దాంతోపాటు చిన్న అత్తరు సీసాలో ఆ ఒడ్డు ఇసుక కూడా వచ్చింది. ఆ సీసా ఇప్పటికీ దేవుడి అరలో కుంకుమ భరిణె పక్కనే ఉంది. ఆ 'వచ్చే ఏడు' మాత్రం రాలేదు.

అందుకే అహల్య ఈ ప్రయాణాన్ని ఇంటి పెళ్లిలా మీదేసుకుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి వెతికి అరబ్బు దేశాల బొమ్మల పుస్తకం ఒకటి బేరమాడి తెచ్చింది. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి బొమ్మలు చూసి నచ్చిన పేజీల మూలలు మడిచింది. ఎండకు వెడల్పు టోపీ కొన్నది. పుట్నాల పొడి ఎంత, తొక్కు ఎంత అని లెక్క వేసింది. ఒంటె ఎక్కాలంటే చీర కుదురుతుందా, డ్రెస్సు కుట్టించుకోవాలా అని వారం రోజులు తల బద్దలు కొట్టుకుంది.

రామచందర్ మాత్రం రోజుకో అడ్డుపుల్ల వేస్తూ వచ్చాడు. మొదట ఎండ అన్నాడు. డిసెంబర్‌లో అక్కడ చల్లగా ఉంటుందని అక్షిత ఫోనులో చూపించింది. తర్వాత బీపీ అన్నాడు, డాక్టర్ ఫికర్ లేదు పొమ్మన్నాడు. చివరికి పాల ప్యాకెట్లు ఎవరు తీసుకుంటారన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్న ఆ సాకులు విని తల్లీకూతుళ్లు నవ్వుకున్నారు.

ఆ రోజు అహల్య అరచేతిలో పెరుగు చక్కెర పెట్టి మరీ ఆయన్ని సాగనంపింది. రెండు గంటలకు చేతిలో బిస్కట్ల పొట్లంతో తిరిగొచ్చాడు.

"అయిందా?"

"ఔ, అయింది" అని అటు తిరిగి చొక్కా విప్పుకున్నాడు.

అహల్య సంబరంగా దేవుడికి దండం పెట్టుకుంది.

సాయంత్రం అక్షిత చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"డాడీ, పొద్దున యాడికి పోయినవ్?"

"పాస్‌పోర్టు ఆఫీసుకే."

"లంచ్ టైముల స్టేటస్ చూసిన. నువ్వు రానేలేదని ఉన్నది. ఫోన్ చేద్దామనుకున్న, ఇంటికొచ్చి అడుగుదామని ఊకున్న. నిజం చెప్పు, యాడ కూసున్నవ్?"

రామచందర్ గొంతు పెంచాడు. తప్పు చేసిన వాళ్లకు ఉండే సౌకర్యం అదొక్కటే.

"నాంపల్లి పబ్లిక్ గార్డెన్ల కూసున్న! ఏం, కూసోవద్దా? నాకు రావాలని లేదు. మీరిద్దరు పోయి రాండ్రి. అందరూ కలిసి నా మెడ మీద కూసున్నరు!"

"అరే, మమ్మీ అరవయ్యో పుట్టినరోజుకు నువ్వు లేకుంటే ఎట్ల? ఇన్నేండ్లల్ల మమ్మీ అడిగింది గిదొక్కటే..."

"నువ్వు ఊకో బిడ్డా" అంది అహల్య. గొంతులో కోపం లేదు. బీరువా తెరిచి, చీరల కింది నుంచి ఒక పాత పాస్‌పోర్టు తీసి తెచ్చి మంచం మీద పెట్టింది. పెళ్లయిన ఐదో ఏట తీయించుకున్నది. ఫోటోలో జడలో కనకాంబరాలు ఉన్నాయి. లోపల పేజీలన్నీ ఖాళీ. ఒక్క ముద్ర కూడా పడకుండానే దానికి గడువు తీరిపోయింది.

"మీరు ఎందుకు పోలేదో నాకు తెలుసు" అంది భర్తతో. "అప్పుడెందుకు పిలువలేదో, ఇప్పుడెందుకు వస్తలేరో నాకు ఎరికే. నేను ఏడో తరగతి సదువుకున్నదాన్ని. ఇంగ్లీష్ రాదు, నలుగురిల మాట్లాడరాదు. గాడ మీ ఆఫీసర్ల పెండ్లాల నడుమ నన్ను నిలబెట్టాలంటే మీకు షరం. అద్దం ముంగట నిలబడ్డప్పుడల్లా నాకు గదే యాదికొస్తది. ముప్ఫై ఏండ్ల నుంచి ఎన్నడన్న నోరు తెరిచి అడిగిన్నా?"

రామచందర్ ఆమె వంక తెల్లబోయి చూశాడు. అలాంటి మాట ఆమె మనసులో ఉందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

అక్షితకు ఏం చేయాలో తోచలేదు. ఇద్దరినీ మెత్తబరచాలని, పుట్టినరోజుకు దాచి ఉంచినదాన్ని అప్పుడే బయటికి తీసింది. ఆ పాత క్యాసెట్‌ను జగదీష్ మార్కెట్‌లో ఒక ఫోన్ల దుకాణంలో తన ఫోనులోకి ఎక్కించి పెట్టింది. "ఇది ఇను డాడీ" అని నొక్కింది. ముప్ఫై రెండేళ్ల వయసు నాటి రామచందర్ గొంతు గదంతా నిండింది. వెనకాల అదే హోరు. అహల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బంద్ చెయ్" అన్నాడు రామచందర్. "బంద్ చెయ్యమంటున్న కాదా! గది సముద్రం కాదు."

"ఏంది?"

"సముద్రం కాదు అహల్యా. లాండ్రీ మిషన్." ఆయన మంచం మీద కూలబడ్డాడు. "ఏజెంటు స్టోర్‌కీపర్ అని చెప్పి తోలిండు. దిగినంక ఒక హోటల్ కింద లాండ్రీల వేసిన్రు. మా నాయన అప్పటికే నా కొడుకు ఆఫీసరైండని గల్లీ అంతట మిఠాయి పంచిండు. ఇగ నేనేమని రాయాలె? ఎనిమిదేండ్లు మంది పండుకున్న చద్దర్లు ఉతికిన, మడత పెట్టిన. రాత్రికి పద్దెనిమిది మందిమి ఒక్క రూముల పండుకునేటోళ్లం. నిన్ను యాడికి పిలవాలె చెప్పు? పెండ్లాన్ని పిలిపించుకునే కాయితం పెద్ద జీతమోళ్లకే ఇచ్చేటోళ్లు. ఇప్పుడు గాడికి పోయినంక నువ్వు మీ ఆఫీసు చూపెట్టు అంటే నేనేం చూపెట్టాలె?"

అక్షిత కళ్లు మంచం మీది చద్దరు మీదికి పోయాయి. చిన్నప్పటి నుంచి తను వెక్కిరిస్తూ వచ్చిన మడత అది.

అహల్య ఏడుస్తుందని ఇద్దరూ అనుకున్నారు. ఆమెకు మండిపోయింది.

"చద్దర్లు ఉతికితే ఏమైతది? నేను అబిడ్స్ దుకాణాలకు చీరల ఫాల్‌లు కుట్టలేదా? మీ పైసలు రాని నెలల ఇల్లు ఎట్ల నడిచింది? చేతుల పనికి నాకు లేని షరం మీకెందుకు? మీరు మీ ఇజ్జత్ కాపాడుకున్నరు. ఈడ నేను మొగనికి నచ్చని పెండ్లాన్ననుకోని ముప్ఫై ఏండ్లు బతికిన!"

"నువ్వట్ల అనుకుంటవని నాకు తెల్వదు. దేవుని తోడు తెల్వదు" అన్నాడాయన. అరవై ఆరేళ్ల మనిషి కూతురి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. అహల్య దగ్గరికి పోలేదు. వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. ఆ పూట అన్నం వడ్డించింది కానీ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున రామచందర్ లేచి, అలవాటు ప్రకారం చద్దరు చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. రహస్యం బయటపడ్డాక ఆ చేతులకు మడత రాలేదు. అహల్య దేవుడి అర దగ్గరి నుంచి అత్తరు సీసా పట్టుకుని వచ్చింది.

"ఇది యాడిది? ఇది గూడ అబద్ధమేనా?"

"కాదు. గది నిజం" అన్నాడు ఆత్రంగా. "హోటల్ల దిగినోళ్లు సముద్రంల ఆడి వచ్చి అట్లనే పండుకునేటోళ్లు. ఆ ఇసుక మిషన్ల పడితే ఖరాబైతదని ముందుగాల దులిపేది. పదిహేను రోజులు దులిపి దులిపి ఆ సీసా నింపిన."

"మరి సముద్రం?"

"హోటల్ ముంగటనే ఉండె. పనోళ్లు ముంగటి దిక్కు రావద్దు. ఎనక గేటుకెల్లి వచ్చుడు, ఎనక గేటుకెల్లి పోవుడు."

"సెలవు నాడు గూడ పోలేదా?"

"పోవచ్చు. దోస్తులు పోయేటోళ్లు. నువ్వొచ్చినంకనే చూస్తనని నేను మొండిగ ఊకున్న. తర్వాత నువ్వు రావని తెలిసినంక చూడబుద్ధి కాలే."

అహల్య సీసాను కొంగుతో తుడిచి మళ్లీ అరలో పెట్టింది. తిరిగి వచ్చేసరికి ఆమె కళ్లు నిండి ఉన్నాయి. చద్దరు రెండో కొస పట్టుకుంది. ఆయన తెల్లబోయి చూస్తే, "పట్టుకోండ్రి సక్కగ" అంది. ఇద్దరూ రెండు అడుగులు దగ్గరికి వచ్చి మూలలు కలిపారు.

"అక్షితా, ఇంకో డేట్ తీస్కో. ఈసారి ఆఫీసు లోపల దాంక నేనే తోల్కపోత. గార్డెన్ల కూసునే తెలివి తీరుతది" అని కేకేసింది అహల్య.

చాయ్ గ్లాసుతో వచ్చిన అక్షిత నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "మరి హోటల్ ఏది బుక్ చెయ్యాలె? సముద్రం కనవడే రూమేనా?"

"మీ డాడీ పని చేసిన గా ఎనక గేటు హోటలైన మంచిదే. మనం ముంగటి గేటుకెల్లి పోదాం" అంది అహల్య. "పొద్దుగాల లేవంగనే ఉరుకుడే సముద్రం కాడికి. గా నాలుగు రోజులు మీరు చద్దరు ముట్టుకోవద్దు."

రామచందర్ తల అడ్డంగా ఊపాడు. "గట్ల కాదు అహల్యా. ఇసుక దులపాలె. కింద లాండ్రీల ఎవడో ఒకడు ఉంటడు."

అహల్య ఆయన చేతి కింద చేయి పెట్టి మడత అంచు సరిచేసింది. "అయితే ఇద్దరం కలిసే దులిపిపోదాం" అంది.